ఎడమకాలితో పనిలేని కారు

డ్రైవింగ్ నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బంధువుల్లో చాలామంది అడిగేవారు. అలా అడిగినవాళ్ళలో సగం మంది తర్వాత తమ కోడళ్ళను, కూతుళ్ళను నా దగ్గరికే పంపారు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక టైలరు దుకాణం పైన ఉండేది మా స్కూలు. తొంభైల మొదట్లో అందులో చేరి, మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే పనిచేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు కనిపిస్తే ఆగి మాట కలుపుతుంటాను. వాళ్ళు నన్ను అడిగేది ఎక్కువగా యాక్సిడెంట్ల గురించి. నాకు చెప్పాలనిపించేది మాత్రం ఒక మోటారు ప్రదర్శన గురించి. అడిగినదొకటైతే చెప్పేదొకటి కావడం రిటైరైనవాళ్ళ హక్కు. ఇక్కడ కూడా ఆ హక్కునే వాడుకుంటాను.

స్కూల్లో మేం ముగ్గురమే. ఓనరు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి గాంధీనగర్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి. ఆఫీసు పని, ఆర్టీఏ చుట్టూ తిరగడం ఆయన వంతు. మగవాళ్ళకు నేర్పడానికి పాలమూరు ఆయన ఒకడుండేవాడు. ఏళ్ళ తరబడి లారీ తోలి తోలి, నడుం పట్టేసి మా దగ్గర చేరాడు. నాకంటే పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను మేడమ్ అనేవాడు. ఆడవాళ్ళకు నేర్పడం నా పని. తెల్లవారాక లోయర్ ట్యాంక్‌బండ్ పక్క రోడ్లలో స్టీరింగ్ పట్టించి, చెయ్యి కుదిరాక అశోక్‌నగర్ సందుల్లో తిప్పి, చివరికి నారాయణగూడ చౌరస్తాకి తీసుకెళ్ళేదాన్ని. నారాయణగూడలో ఆగి, మళ్ళీ కదలగలిగినవాళ్ళు ఎక్కడైనా బండి నడపగలరని మా అన్న అనేవాడు. ఆ రోజుల్లో అక్కడ పచ్చ లైటు పడితే బండ్లకంటే ముందు పొగ కదిలేది. కిరోసిన్ కలిపిన పెట్రోలుతో నడిచే ఆటోల మధ్య నుంచి వచ్చి సాయంత్రం ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడేది. మాకు అదేమీ వింత కాదు. బండి అంటే పొగ, చప్పుడు అనుకునేవాళ్ళం.

ఒక పొద్దున స్కూలు మెట్ల మీద ఇనుము తగిలిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి ఒక అమ్మాయి పైకి వచ్చింది. ఎడమకాలికి తొడదాకా ఇనుప కడ్డీలు, కింద ఎత్తు తోలు బూటు. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. అశోక్‌నగర్‌లో తల్లితో కలిసి కిరాయి ఇంట్లో ఉంటోంది. కుర్చీలో కూర్చుని, ఊపిరి తీసుకోకుండానే, కారు నేర్చుకోవాలంది.

అప్పటికే ఆమెను రెండు స్కూళ్ళ వాళ్ళు వెనక్కి పంపారు. అందరూ ఒకే సలహా ఇచ్చారట, పక్క చక్రాల స్కూటరు కొనుక్కోమని. ఆ మాట నా నోట్లోనూ ఉంది. నేను అనకముందే ఆమె జవాబు చెప్పేసింది.

"వానల స్కూటర్ మీద పోతె బూటు తోలు నానుతది అక్కా. నానిన తోలు కాలును కోస్తది. మా అమ్మ వారం దినాలు మందు పెట్టుకుంట కూసుంటది. నాకు పైన కప్పు ఉండాలె, పక్కన మా అమ్మ కూసోవాలె."

బస్సు ఫుట్‌బోర్డు ఎక్కబోయి ఆమె రెండుసార్లు పడిందని, రాత్రి డ్యూటీకి ఆటోవాళ్ళు రామంటే రామంటారని తర్వాత తెలిసింది. ఓనరు గారు కాసేపు ఆలోచించి, చూద్దాం అన్నారు. నన్ను పక్కకు పిలిచి, జాగ్రత్త అమ్మా అన్నారు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత త్వరగా స్టీరింగ్ పట్టుబడిన మనిషి మరొకరు లేరు. రోడ్డును చదివే చూపు ఆమెకు పుట్టుకతో వచ్చిందేమో. సందు మలుపులో సైకిల్ చక్రం కనిపించగానే వేగం తగ్గించేది. చిక్కంతా క్లచ్‌తోనే. గేరు మార్చాలన్నా, బండి ఆపి మళ్ళీ కదపాలన్నా ఎడమకాలితో ఆ పెడల్‌ను నొక్కి, మెల్లగా వదలాలి. ఆమె ఎడమ చేత్తో మోకాలి దగ్గర కడ్డీని పట్టుకుని, కాలును ఎత్తి పెడల్ మీద వేసి, పైనుంచి అదిమేది. అదిమిన కాలు మెల్లగా లేవదు కదా, ఒక్కసారిగా జారేది. బండి ఎగిరి ఆగిపోయేది. ఖాళీ రోడ్డు మీద అది నవ్వుకునే విషయం. నారాయణగూడలో కాదు.

అక్కడ ఎత్తు మీద రెడ్ లైటుకు ఆగాం. పచ్చ లైటు పడింది, బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది, మళ్ళీ ఆగింది. వెనక సిటీ బస్సు, దాని వెనక ఊరంతా హారన్లు. లైటు మళ్ళీ ఎర్రబడింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి కిటికీలోంచి తొంగి, ఆ ఇనుప కడ్డీలు చూసి, ఏమీ అనకుండా వెళ్ళి మిగతా బండ్లను ఆపాడు. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది. ఆ జాలికి మాత్రం స్టీరింగ్ వదిలేసింది. నేను దిగి డ్రైవరు వైపు వచ్చాను, ఆమె లోపలే జరిగి పక్క సీట్లోకి వెళ్ళింది. ఇంటి దాకా నేనే నడిపాను.

సంగతి ఓనరు గారి దాకా వెళ్ళింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ అమ్మాయి పట్టుదల నాకు తెలుసమ్మా, కానీ ఏదైనా జరిగితే స్కూలు మూసుకోవాల్సి వస్తుంది, మీ ఇద్దరి జీతాలూ పోతాయి అన్నారు. ఆయన మాటలో తప్పేమీ నాకు దొరకలేదు. పాఠాలు ఆగిపోయాయి. ఆమెకు ఆ మాట చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆమె విని, చాయ్ ఇచ్చి, ఎక్స్ఛేంజిలో జరిగిన ఒక నవ్వుల సంగతి చెప్పి పంపింది. చాయ్ అంత చేదుగా నేనెప్పుడూ తాగలేదు.

ఆ చలికాలమే ఢిల్లీలో అంతర్జాతీయ మోటారు ప్రదర్శన జరుగుతోందని, డ్రైవింగ్ స్కూళ్ళకు పాసులు ఇస్తున్నారని తెలిసింది. కొత్త కొత్త కార్లు దేశంలోకి దిగుతున్న రోజులవి. పాత బండి మీద నేర్చుకోవడానికి జనం మొహం చిట్లిస్తున్నారు. రేపు ఏ బండ్లు వస్తాయో చూసి రమ్మని ఓనరు గారు నన్నూ అన్ననూ పంపారు. ఆయనకు ఢిల్లీ చలి పడదట. ఈసారి పొగ తక్కువ వదిలే బండ్లు, అసలే వదలని బండ్లు ప్రత్యేకంగా పెడుతున్నారని పేపర్లో రాశారు. నేను ఆ సంగతి మాటవరసకు ఎక్స్ఛేంజి అమ్మాయికి చెప్పాను. నాకు ఎల్‌టీసీ ఉన్నది అక్కా, నేను గూడ వస్త అంది. ప్రభుత్వ ఉద్యోగులకు ఊళ్ళు తిరగడానికి ఇచ్చే ఆ సౌకర్యంతో జనం కాశీ వెళ్తారు, ఊటీ వెళ్తారు. నడపలేని బండ్లను చూడడానికి వెళ్ళినది బహుశా ఈమె ఒక్కతే.

ఆ హాల్లో అడుగుపెట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఎన్నో ఏళ్ళుగా బండ్ల మధ్యే బతుకుతున్నాను, బండి గురించి నాకు తెలుసు అనుకునేదాన్ని. పెళ్ళిమండపంలా వెలిగిపోతున్న గుండ్రటి అరుగుల మీద కార్లు మెల్లగా తిరుగుతున్నాయి. ఒక ఇంజన్‌ను నిలువునా కోసి అద్దాల పెట్టెలో పెట్టారు. లోపల పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతున్నాయి. రోజూ పిల్లలకు బోర్డు మీద గీసి చూపించే బొమ్మ ప్రాణం పోసుకున్నట్టుంది. ఒకచోట పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే కారు. అది ఎప్పుడు దేనితో నడవాలో అదే నిర్ణయించుకుంటుందట. ఇంకోచోట పైకప్పంతా నల్లటి అద్దాలు పరచిన కారు, ఎండనే తాగి నడుస్తుందట. ఆ పక్కన ఇంకా విచిత్రం. హైడ్రోజన్ వాయువుతో నడిచే కారది, దాని గొట్టంలోంచి పొగకు బదులు నీళ్ళు వస్తాయన్నారు. నమ్మనివాళ్ళ కోసం గొట్టం కింద ఒక గాజు గిన్నె పెట్టారు. చుక్క తర్వాత చుక్క పడుతోంది.

మా అన్న ఆ గిన్నె ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి గొట్టం అంచు మీద వేలు తిప్పి, తన తెల్ల రుమాలుకు తుడిచి, మాకు చూపించాడు. తడి తప్ప మరక లేదు.

"నేను ఇంటికొస్తున్న అని మా ఇంటిదానికి డీజిల్ వాసనతోనే ఎరుకైతుండె," అన్నాడు. "గీ బండి తోలెటోడు ఇంటికొస్తే ఎట్ల ఎరుకైతది మేడమ్?"

నవ్వాను గానీ, ఆయన నవ్వలేదు. ఆ రుమాలును మడిచి జేబులో పెట్టుకున్న తీరు గుళ్ళో ప్రసాదం మూటగట్టుకున్నట్టుంది.

ఆ జనంలో ఎక్స్ఛేంజి అమ్మాయి ఎక్కువ సేపు నిలబడలేకపోయింది. ఒక స్టాలులో అరుగు అంచున కూర్చోబెట్టి, మేమిద్దరం అటూ ఇటూ చూస్తున్నాం. అక్కడున్నది బ్యాటరీతో మాత్రమే నడిచే చిన్న కారు. పాలరంగు, గుండ్రటి ముక్కు. డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంచారు. నేను పైన మెరుస్తున్న రంగును, సీట్లను చూస్తున్నాను. కింద కూర్చున్న ఆమె చూపు సరిగ్గా బండి నేల మట్టానికి ఉంది.

"అక్కా, ఇటు రా జర. లెక్కవెట్టు."

"ఏం లెక్కపెట్టాలి?"

"లోపల. కాళ్ళు పెట్టేకాడ. ఎన్ని ఉన్నయ్?"

వంగి చూశాను. బ్రేకు, యాక్సిలరేటరు. అంతే. ఎడమ పక్కన నల్లటి కార్పెట్టు తప్ప ఏమీ లేదు.

గేర్లు లేని విదేశీ కార్లు ఉంటాయని మేం వినకపోలేదు. హైదరాబాదులో ఏ కొద్దిమంది గొప్పవాళ్ళ గేట్ల వెనకో అవి ఉండేవి. మా దాకా రాలేదు. వినడం వేరు, ఆ ఖాళీ చోటును చూడడం వేరు. స్టాలులో ఉన్న కుర్ర ఇంజనీరును నా వచ్చీరాని హిందీలో అడిగాను, క్లచ్ ఏదని. విద్యుత్ మోటారుకు దాని అవసరమే లేదన్నాడు. ఇంజన్ ఎక్కడని మా అన్న అడిగితే ముందు మూత ఎత్తి చూపించాడు. మంచినీళ్ళ కుండంత ఉంది మోటారు. ఆ తర్వాత అతను గాలి గురించి, పొగ కమ్మిన నగరాల గురించి, భూమి వేడెక్కడం గురించి ఎంతో శ్రద్ధగా చెప్పాడు. అతను చెప్పినదంతా నిజమే. మాకు మాత్రం ఆ ఖాళీ చోటే కనిపిస్తోంది. అది చేసినవాళ్ళు గాలి గురించి ఆలోచించి ఉంటారు. హైదరాబాదులో ఒక ఆపరేటరు ఎడమకాలు వాళ్ళకు తట్టి ఉండదు.

హాలు వెనక తాళ్ళు కట్టిన మైదానంలో ఆ కారును నడిపి చూడనిస్తున్నారు. లైనులో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి లైసెన్సు అడిగారు. ఆమె దగ్గర ఉన్నది లెర్నర్స్ లైసెన్సు. కుర్రాడు మర్యాదగానే కుదరదన్నాడు. కావాలంటే మేడమ్ నడపవచ్చు, మీరు పక్కన కూర్చోండి అన్నాడు. అప్పుడు ఆమె, రాత్రింబగళ్ళు దేశదేశాల ట్రంకు కాల్స్ కలిపే గొంతుతో, వెనక నిలబడ్డ నెరిసిన గడ్డం విదేశీయుడితో ఇంగ్లీషులో నేరుగా మాట్లాడింది. అతను ఆ బండి చేసినవాళ్ళలో పెద్ద ఇంజనీరు. నాకు నేర్పిన టీచరు ఈమే, పక్కన కూర్చుంటుంది, నేను ఈ ఒక్క బండి నడపడానికి ఇంత దూరం వచ్చాను అని చెప్పింది.

అతను ఆమె వైపు చూడకుండా నా వైపు తిరిగాడు. ఈమెకు నడపడం వచ్చా అని అడిగాడు.

ఆ ప్రశ్నకు మా ఊళ్ళో నేను ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను, పాఠాలు ఆపేసినప్పుడు. ఓనరు గారి మాట, నారాయణగూడ హారన్లు, కానిస్టేబుల్ మొహం అన్నీ గుర్తొచ్చాయి. ఆమె నన్ను చూడడం లేదు. కారునే చూస్తోంది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలుగులో చెప్పి, నువ్వే అతనికి చెప్పు అన్నాను.

"స్టీరింగ్ వచ్చు, రోడ్డు చూడడం వచ్చు. నాకంటే బాగా వచ్చు. రానిదల్లా ఎడమకాలు ఒక్కటే. ఈ బండికి ఆ కాలు అక్కర్లేదు కదా, అని చెప్పు."

ఆమె మొదటి మాటలు గబగబా చెప్పేసింది. నాకంటే బాగా వచ్చు అన్న దగ్గర ఒకసారి నా వైపు తిరిగి చూసింది. పెద్దాయన విని, తాడు తానే పక్కకు తీశాడు. మెల్లగా, ఒకే చుట్టు, కుర్రాడు వెనక సీట్లో ఉంటాడు. అదీ ఒప్పందం.

కడ్డీల కాలును రెండు చేతులతో లోపలికి తీసుకుని, ఆ నల్ల కార్పెట్టు మీద పెట్టుకుంది. తాళం తిప్పింది. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పబోయింది.

"స్టార్ట్ గాలేదక్కా."

"అయింది మేడమ్," అని వెనక నుంచి కుర్రాడు హిందీలో అన్నాడు.

చప్పుడు లేదు, అదురు లేదు. మీటరు పక్కన చిన్న పచ్చ దీపం మాత్రం వెలుగుతోంది. ఆమె కుడిపాదం ఆనించింది. మైదానం మా కిందినుంచి జరగడం మొదలైంది. దాన్ని వేరేలా ఎలా చెప్పాలో నాకు ఈనాటికీ తెలియదు. ఒక బండి కదిలినప్పుడు వినిపించాల్సినవేవీ వినిపించలేదు. ఎప్పుడూ వినిపించనివన్నీ వినిపించాయి. టైరు కింద కంకర నలగడం, ఎక్కడో కాకి, వెనక సీట్లో కుర్రాడు గొంతు సవరించుకోవడం, నా పక్కన ఆమె ఊపిరి. ఎగిరిపడడం లేదు, ఆగిపోవడం లేదు. మలుపులో వేగం తగ్గించి, చక్రాన్ని చేతుల మధ్య జారవిడిచి, నేను నేర్పినట్టే, కాదు, నేను నేర్పినదానికంటే నాజూకుగా తిప్పింది.

రెండో మలుపు దగ్గర ఒక ఫొటోగ్రాఫరు మాకు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ తాడు దాటి లోపలికి వచ్చేశాడు. బండి చప్పుడు చేయదు కదా, అతనికి మేమున్నట్టే తెలియదు. నా కాలు అలవాటుకొద్దీ బ్రేకు తొక్కింది. స్కూలు కార్లలో టీచరు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇక్కడ నా కాలి కింద ఉన్నది వట్టి నేల. ఆమె అప్పటికే ఆపేసింది. నిమ్మళంగా, మాలో ఎవరి తలా ముందుకు వంగకుండా. తర్వాత చిన్నగా హారన్ కొట్టింది. ఫొటోగ్రాఫరు గాల్లోకి ఎగిరి పక్కకు దూకాడు.

తాడు దగ్గరికి వచ్చాక పెద్దాయన ఆపమంటాడనుకున్నాను. చేత్తో ఇంకో చుట్టు అని సైగ చేశాడు. ఆ రెండో చుట్టులో ఆమె మొదటిసారి నవ్వింది. కదలకుండా పడి ఉన్న ఎడమకాలిని కంటితో చూపించి, "దీనికి గూడ ఎల్‌టీసీ ఇచ్చిన అక్కా," అంది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. టీచర్లు అలా ఏడవకూడదు కాబట్టి చలికి ముక్కు కారుతోందన్నట్టు కొంగుతో తుడుచుకున్నాను.

దిగాక ఆమె అడిగింది, ఇది ఎప్పుడు అమ్ముతారని. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఇది నమూనా మాత్రమే, మీ దేశానికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు, అసలు వస్తుందో లేదో తెలియదు అన్నాడు. ఆమె ఆ కారు ముక్కు మీద ఒకసారి చెయ్యి వేసి, పోదాం పదండి అంది.

తిరుగు రైలు ఎక్కాం. నాగపూర్ దాటాక మా అన్న నారింజ తొక్క తీస్తూ, బండి రాదు గాని, క్లచ్ కాలుకాడ్నే ఉండాలని రాసిపెట్టి ఉన్నదా అన్నాడు. స్కూటరుకు క్లచ్ చేతిలోనే ఉంటుంది కదా, అలాంటి పిడి ఒకటి గేరు రాడ్డుకే బిగిస్తే ఒక్క చేత్తోనే రెండు పనులూ అవుతాయని చెప్పాడు. ఆ ఆలోచన ఢిల్లీ వెళ్ళకముందు మాలో ఎవరికీ రాలేదు. క్లచ్ లేకుండా ఆమె నడపడం చూశాకే, అడ్డం ఉన్నది ఆ ఒక్క పెడలేనని మాకు నమ్మకం కలిగింది.

ఓనరు గారికి నేను చూసినదంతా చెప్పాను, ఫొటోగ్రాఫరు సంగతితో సహా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మూల పడి ఉన్న మన పాత కారు తీసుకెళ్ళండి, దాని మీద ఏ ప్రయోగం చేసినా నష్టం లేదు అన్నారు. నారాయణగూడలో మా అన్నకు తెలిసిన మెకానిక్కు చాలారోజులు కుస్తీ పట్టాడు. మొదట పిడి ఎంత గట్టిగా ఉందంటే మా అన్న రెండు చేతులతో కూడా నొక్కలేకపోయాడు. తర్వాత కేబుల్ తెగింది. పిడి పొడవు పెంచి, కేబుల్ దారి మార్చాక దారికొచ్చింది. ఆర్టీఏలో అనుమతి కోసం ఓనరు గారే తిరిగారు. పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు ఆ పిడిని తానే పట్టి చూస్తానని కూర్చుని, బండిని గంతులేయించి ఆపేశాడు. తర్వాత దిగి, ఆమెను ఎక్కమన్నాడు. ఆమె ఎత్తు మీద ఆపింది, కదిపింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి చేసి చూపింది. చాలన్నాడు.

ఆమె సెకండ్‌హ్యాండ్ కారు కొని, మా మెకానిక్కుతోనే పిడి పెట్టించుకుంది. తానే నడుపుకుంటూ డ్యూటీకి వెళ్ళే మొదటిరోజు తోడు వస్తానన్నాను. వద్దంది. నువ్వు పక్కన కూసుంటే నీ మొహమే చూస్త అక్కా, రోడ్డు చూడ అంది. సరే అన్నాను గానీ ఇంట్లో ఉండలేకపోయాను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక బేకరీ మెట్ల పక్కన, ఏదో కొనడానికి వచ్చినదానిలా నిలబడ్డాను. సన్నగా వాన పడుతోంది. కాసేపటికి అశోక్‌నగర్ వైపు నుంచి వచ్చింది, పొగ కక్కుతున్న ఆటోల మధ్య, వైపర్లు ఆడిస్తూ. పక్క సీట్లో వాళ్ళమ్మ బిగుసుకుని కూర్చుని ఉంది. నా ముందు బస్సు ఆగితే, దాని వెనక ఆగింది. నాకూ ఆమెకూ మధ్య నాలుగడుగులు కూడా లేవు. వాళ్ళమ్మ నన్ను చూసి చెయ్యెత్తింది. ఆమె చూడలేదు. అద్దంలో వెనక్కి చూసుకుంది, బస్సు పక్కన ఎవరైనా దిగుతున్నారేమోనని చూసింది, పిడి మెల్లగా వదిలి, నారాయణగూడ వైపు వెళ్ళిపోయింది.